బేస్ గిటార్ నెక్ ఇంట్లోనే సరిచేసుకునే సెటప్ కిట్: ఏడు నెలలు వాడినాక రాస్తా ఉండా

మే నెల మొదట్లో ఆన్‌లైన్‌లో 749 రూపాయలు పెట్టి గిటార్ సెటప్ కిట్ (నెక్ వంపూ తీగల ఎత్తూ కొలిచి సరిచేసుకునే సామాన్లు) ఒకటి తెప్పించుకున్నాను. ఇప్పుడు డిసెంబర్, అంటే ఒక ఎండాకాలం ఒక వానాకాలం రెండూ దాంతోనే గడిచినాయి, ఇప్పుడు రాస్తే కొనేవాళ్ళకి పనికొస్తుందని రాస్తా ఉండా. ప్యాకెట్ చించిన రోజే ఐదు స్టార్లు ఇచ్చిన రివ్యూలు చూసే నేను కొన్నాను, వాటిల్లో ఒక్కదాంట్లో కూడా లోపలున్న అలెన్ కీ (మర తిప్పే ఆరు పలకల వంపు కడ్డీ) ఎట్లాంటిదో ఎవరూ చెప్పలేదు, అదే నాకు బాధ.

నేను తిరుపతిలో కొర్లగుంట వైపు ఉంటా. ఆదివారం చర్చిలో బేస్ వాయిస్తా, పెళ్ళిళ్ళ సీజన్లో ఆర్కెస్ట్రాకి పోతా. నాలుగు తీగల బేస్, 34 అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు), మేపుల్ కట్టె నెక్ (ఎడమచేత్తో పట్టుకొని తీగలు నొక్కే పొడుగు భాగం), చైనాలో చేసింది. మన ఊర్లో గిటార్లు దొరుకుతాయి, స్ట్రింగ్స్ దొరుకుతాయి, కానీ బేస్ నెక్ పట్టుకొని చూసి దీంట్లో రిలీఫ్, అంటే నెక్ వంపు, ఇంతుంది అని చెప్పే మనిషి నాకైతే ఇంతవరకూ దొరకలేదు. అందుకే పోయిన సంవత్సరం బేస్ భుజానికేసుకొని సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై పోయినాను. అక్కడ ఒక షాపులో 1200 తీసుకున్నారు, వెనక బ్రిడ్జ్ మీద శాడిల్స్ (బాడీ వైపు తీగలు ఆనుకొనే చిన్న దిమ్మెలు) కిందికి దించి ఇచ్చినారు, అంతే. నెక్ వైపు చూడనే లేదు. ఇంటికొచ్చి ప్లగ్ చేస్తే మొదటి ఐదు ఫ్రెట్ల (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల) దగ్గర గరగరా బజ్. రానూ పోనూ ఒక రోజు పోయింది, టికెట్లు తిండి వేరే. అప్పుడు అనుకున్నా, ఇంక ఈ పని నేనే నేర్చుకోవాలని.

కిట్‌లో ఏమేమి ఉన్నాయంటే, 32 బ్లేడ్ల ఫీలర్ గేజ్ ఒకటి, స్ట్రింగ్ ఎత్తు కొలిచే చిన్న స్టీల్ స్కేలు, ఫింగర్‌బోర్డ్ (నెక్ మీద వేళ్ళు పెట్టే పైభాగం) అడ్డ వంపు చూసే రేడియస్ గేజ్‌లు తొమ్మిది, అలెన్ కీలు ఐదు, ఇవన్నీ పెట్టుకొనే ఒక నల్ల పౌచ్. స్ట్రింగ్స్‌ని ఒక ఫ్రెట్ మీద నొక్కి పట్టే క్లిప్పు, అదే కాపో, అది లేదు. ఎట్లా వాడాలో చెప్పే కాగితం అని ఒకటి పెట్టినారు గానీ దాంట్లో నాలుగు బొమ్మలు తప్ప ఏమీ లేదు, కొత్తగా మొదలుపెట్టినోళ్ళకి అది చూస్తే ఒక్క ముక్క అర్థం కాదు.

ముందు ఫీలర్ గేజ్ సంగతి చెప్తా, ఎందుకంటే ఈ కిట్‌లో నిజంగా డబ్బులకి తగ్గ వస్తువు అదే. చాకు మాదిరి తెరుచుకుంటుంది, ఒక్కో బ్లేడ్ మీద మందం చెక్కి ఉంటుంది, 0.04 మిల్లీమీటర్ నుంచి 0.88 దాకా. అంగుళాల్లో కూడా పక్కనే ఉంటుంది. నేను దీన్ని జేబులో పెట్టుకొని రేణిగుంట రోడ్డులో బండి సర్వీసుకిచ్చినప్పుడు మా మెకానిక్ తమ్ముడు చూసి "ఇది మన ట్యాపెట్ గేజే కదన్నా, గిటార్‌కి ఏం పని దీంతో" అన్నాడు. నిజమే, అదే వస్తువు. వాల్వ్‌కీ రాకర్‌కీ మధ్య సందు ఎంతుందో బండి మెకానిక్ చూసినట్టే మనం స్ట్రింగ్‌కీ ఫ్రెట్‌కీ మధ్య సందు చూస్తాం. ఆటోమొబైల్ స్పేర్ పార్ట్స్ షాపులో ఇదొక్కటే అడిగితే నాకు 180 చెప్పినారు, ఆ సంగతి ముందే తెలిసుంటే బాగుండేది.

వాడే ముందు ఒక పని తప్పకుండా చేయండి. కొత్త బ్లేడ్లకి తుప్పు పట్టకుండా జిడ్డు నూనె పూసి పంపుతారు, దాన్ని పాత బనీను గుడ్డతో తుడవకుండా స్ట్రింగ్ కింద పెడితే ఆ నూనె మొత్తం స్ట్రింగ్‌కీ ఫింగర్‌బోర్డ్‌కీ అంటుకుంటుంది. తుడిచి వాడుకొని, పని అయినాక మళ్ళీ ఒక చుక్క కుట్టుమిషన్ నూనె పూసి పెట్టండి. నేను సెప్టెంబర్‌లో మర్చిపోయినాను, వానల్లో సన్న బ్లేడ్లు రెండు మచ్చలు పడినాయి.

ఇంక అసలు విషయం. నెక్ అంటే వట్టి కట్టె కాదు, దాని లోపల పొడుగునా ఒక స్టీల్ కడ్డీ ఉంటుంది, ట్రస్ రాడ్. నాలుగు బేస్ స్ట్రింగ్స్ ట్యూన్‌లో ఉన్నప్పుడు అన్నీ కలిపి డెబ్బై ఎనభై కిలోల దాకా లాగుతాయి. ఆ లాగుడుకి నెక్ ముందుకి వంగుతుంది, రాడ్ దాన్ని వెనక్కి పట్టుకుంటుంది. ఈ రాడ్‌ని మర తిప్పి మార్చుకునేట్టు చేసింది గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ, 1923లో పేటెంట్ వచ్చింది. 1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు కూడా నెక్‌లో ఈ రాడ్ ఉంది. అంటే నూరేళ్ళ నుంచి ఇది తిప్పుకోవడానికనే పెట్టిన మర. మనోళ్ళు మాత్రం "అది ముట్టుకోవద్దు నెక్ విరిగిపోతుంది" అని భయపెడతానే ఉంటారు. నన్నూ అట్లే భయపెట్టినారు, నాలుగేళ్ళు రాడ్ మర మీదున్న కవర్ ఊడదీయలేదు నేను.

నెక్ సూటిగా స్కేలు మాదిరి ఉండాలని చాలామంది అనుకుంటారు. అట్లా కాదు, రవ్వంత ముందుకి వంగి ఉండాలి, దాన్నే రిలీఫ్ అంటారు. ఎందుకంటే స్ట్రింగ్ మోగేటప్పుడు మధ్యలో ఎక్కువ ఊగుతుంది, పిల్లలు తాడాట ఆడేటప్పుడు తాడు మధ్యలో పెద్దగా తిరిగి కొనల్లో చిన్నగా తిరుగుతుంది చూడండి, అట్లా. బేస్‌లో లావు ఇ స్ట్రింగ్ సెకనుకి 41 సార్లే ఊగుతుంది గానీ ఆ ఊపు చానా వెడల్పు, దానికి చోటు లేకపోతే ఫ్రెట్లకి తగిలి బజ్ వస్తుంది. చోటు మరీ ఎక్కువైతే స్ట్రింగ్ ఎత్తుగా నిలబడి మధ్య ఫ్రెట్లలో నొక్కలేక వేళ్ళు బొబ్బలు కడతాయి.

కొలిచేది ఎట్లంటే, మామూలుగా ట్యూన్ చేసుకొని, వాయించేటప్పుడు పట్టుకున్నట్టే బేస్ ఒళ్ళో నిలబెట్టుకొని, మొదటి ఫ్రెట్ మీద కాపో పెట్టి, కుడిచేత్తో ఇ స్ట్రింగ్‌ని నెక్ బాడీతో కలిసే చోటున్న ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టాలి. అప్పుడు ఆ స్ట్రింగే మనకి దారం. తాపీ మేస్త్రి గోడ వరుస చూడ్డానికి ఈ చివర ఆ చివర మేకు కొట్టి దారం లాగుతాడే, అదే పని. ఆ దారానికీ ఎనిమిదో ఫ్రెట్‌కీ మధ్య ఎంత సందుందో అదే మన రిలీఫ్. బ్లేడ్ దూర్చేటప్పుడు స్ట్రింగ్‌నే చూస్తా ఉండండి, దాని మీద పడే ట్యూబ్‌లైట్ వెలుగు గీత కదలకూడదు, బ్లేడ్ రాసుకొని పోవాలి గానీ స్ట్రింగ్‌ని లేపకూడదు. లేపిందంటే ఆ బ్లేడ్ ఎక్కువ, ఒకటి కిందికి దిగండి. నాకు మొదటిరోజు ఇది కుదరడానికి అరగంట పట్టింది, ఎడమ చేయి యాడ పెట్టాలో తెలీక, కాపో లేకుండా మా ఆవిడని వేలు పెట్టి నొక్కమంటే పాపం ఆమె వేలి మీద గీత పడింది. తర్వాత చర్చిలో అకూస్టిక్ వాయించే అన్న దగ్గర కాపో అడిగి తెచ్చుకున్నాను.

ఎంత ఉండాలి అంటే ఫెండర్ వాళ్ళ లెక్క ఒకటుంది, ఫింగర్‌బోర్డ్ రేడియస్ 9.5 నుంచి 12 అంగుళాలైతే 0.012 అంగుళం, పాతకాలం 7.25 రేడియస్‌కైతే 0.014. మన బ్లేడ్ల మీద చూస్తే 0.30 దగ్గర, 0.35 దగ్గర అనమాట. ఇదేమీ శాసనం కాదు, గట్టిగా కొట్టి వాయించేవాళ్ళకి ఇంకొంచెం ఎక్కువ కావాలి. నేను పిక్ వాడను, వేళ్ళతోనే, ఆర్కెస్ట్రాలో మాత్రం కొంచెం గట్టిగా లాగుతా, నాకు 0.30 నుంచి 0.35 మధ్యలో సుఖంగా ఉంది.

మే నెలలో మా ఇంట్లో కొలిస్తే 0.05 బ్లేడ్ పోయింది, 0.10 పోలేదు. అంటే నెక్ దాదాపు సూటిగా ఉంది, అందుకే మొదటి ఫ్రెట్లలో బజ్. చెన్నైలో శాడిల్స్ దించడంతో ఉన్న బజ్ ఇంకా పెరిగింది. ఇది ఎందుకైందో మా మామ చెప్పినాడు. ఆయన మాధవమాలలో కట్టె బొమ్మలు చెక్కుతాడు, దేవుళ్ళ విగ్రహాలు, చేతిలో ఉలి లేకుండా నేను ఆయన్ని చూసిందే తక్కువ. బేస్ నెక్ అరచేత్తో నిమిరి చూసి "రేయ్ అబ్బోడా, కట్టె కోసినాక చచ్చిపోయింది అనుకుంటారు మీరు, అది నీళ్ళు తాగడం మానదు, వానకి తాగతాది ఎండకి కక్కతాది, అప్పుడంతా దాని నడుము కదలతా ఉంటాది" అన్నాడు. తిరుపతి మే ఎండ మీకు తెలుసు కదా, నలభై దాటిపోతుంది, మా ఇల్లు పైఅంతస్తు, మిద్దె వేడి రాత్రి పదకొండుకి కూడా తగ్గదు. నా నెక్ ఎండకి వెనక్కి పోతుంది, వానకి ముందుకొస్తుంది. అందరి నెక్ ఇట్లే చేస్తుందని కాదు, కట్టె కట్టెకీ మారుతుంది, అందుకే కొలత కావాల.

హెడ్‌స్టాక్ (ట్యూనింగ్ మరలుండే నెక్ కొన) దగ్గర చిన్న ప్లాస్టిక్ కవర్ ఊడదీస్తే లోపల రాడ్ మర కనిపిస్తుంది, నాది 5 మిల్లీమీటర్ల అలెన్. కొన్ని బేస్‌లకి ఇది బాడీ వైపు ఉంటుంది, పాత మోడళ్ళకి నెక్ ఊడదీస్తే గానీ అందదు, కొన్నిటికి చిన్న చక్రం ఉంటుంది చిల్లుల్లో కడ్డీ పెట్టి తిప్పేది. హెడ్‌స్టాక్ వైపు నుంచి మరకి ఎదురుగా చూస్తే, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే రాడ్ టైట్ అయి నెక్ వెనక్కి పోతుంది, రిలీఫ్ తగ్గుతుంది. అవతలి వైపు తిప్పితే లూజ్, రిలీఫ్ పెరుగుతుంది. మేలో నాకు లూజ్ కావాలి కాబట్టి పావు చుట్టు వెనక్కి తిప్పినాను, ట్యూన్ చేసినాను, కొలిస్తే 0.15. రాత్రంతా వదిలేసి పొద్దున మళ్ళీ కొలిస్తే 0.20, కట్టె నిదానంగా సర్దుకుంటుంది అనేది అప్పుడు కళ్ళారా చూసినాను. ఇంకో అరపావు తిప్పితే మరుసటి రోజుకి 0.30కి వచ్చి నిలిచింది. ఆ వారమే గంగమ్మ జాతర, ఒక వీధి స్టేజీ మీద రాత్రి రెండింటి దాకా వాయించినాం, మొదటి ఫ్రెట్లో ఎఫ్ పట్టుకుంటే నిండుగా మోగింది, పక్కన కీబోర్డ్ అన్న తిరిగి చూసినాడు. ఆ చూపు నాకింకా గుర్తుంది.

ఇప్పుడు కిట్‌లో చెడ్డది. నవంబర్‌లో వానలు పట్టుకున్నాయి, 2021 నవంబర్ అంత కాదులెండి, ఆ సంవత్సరం వరద చూసినోళ్ళకి నవంబర్ అంటేనే గుండె గుబులు. వారం రోజులు ముసురు, బట్టలు ఆరవు, గోడలు చెమ్మ. బేస్ తీస్తే స్ట్రింగ్స్ పైకి లేచి ఉన్నాయి, కొలిస్తే రిలీఫ్ 0.55. క్రిస్మస్ పాటల ప్రాక్టీస్ మొదలైంది, రోజూ రెండు గంటలు. ఈసారి టైట్ చెయ్యాలి. కిట్‌లో వచ్చిన 5 నంబర్ కీ పెట్టి తిప్పితే కొంచెం కదిలి సర్రున జారింది. తీసి చూస్తే కీ అంచులు ఆరూ నున్నగా గుండ్రమైపోయినాయి, మెత్త ఇనుము. నా గుండె ఆగినంత పనైంది, ఎందుకంటే లోపల మర అంచులు పోతే ఆ నెక్‌కి ఇంట్లో చేసేది ఏమీ లేదు. టార్చ్ వేసి చూసినాను, దేవుడి దయ, మరకి ఒక చిన్న గీత తప్ప ఏమీ కాలేదు. లూజ్ చేసేటప్పుడు పెద్దగా బలం పడదు కాబట్టి మేలో ఈ కీ గుణం నాకు తెలియలేదు.

మరుసటి రోజు గాంధీ రోడ్డు వైపు ఒక హార్డ్‌వేర్ షాపులో టపారియా అలెన్ కీ సెట్ తెచ్చుకున్నాను. రెండు కీలూ పక్కపక్కన పెట్టి చూస్తే కంటికే తెలుస్తుంది, కొత్తదాని మూలలు చాకుతో కోసినట్టున్నాయి, మరలో పెడితే ఆట లేకుండా టక్కున కూర్చుంటుంది. స్ట్రింగ్స్ కొంచెం వదులు చేసి, ముందు రవ్వంత లూజ్ వైపు తిప్పి మర పట్టేయలేదని చూసుకొని, తర్వాత పావు చుట్టు టైట్ చేసినాను. ట్యూన్ చేసి కొలిస్తే 0.45. ఆ రోజుకి ఆపినాను. తెల్లారి ఇంకో పావు కంటే తక్కువ, 0.35. రోజుకి పావు చుట్టు కంటే ఎక్కువ నేనైతే తిప్పను, చేతికి బాగా బరువు తగిలితే అక్కడే ఆపేస్తా. ఇంకోటి, రాడ్ పూర్తిగా లూజ్ చేసినా నెక్ వెనక్కే వంగి ఉంటే, మీది ఒకవైపు మాత్రమే పనిచేసే రాడ్ కావచ్చు, రెండువైపులా తోసే రాడ్లు వేరే ఉంటాయి, అప్పుడు బలవంతం చేయకుండా బాగా తెలిసినవాళ్ళకి చూపించండి.

స్టీల్ స్కేలు గురించి. రిలీఫ్ కుదిరినాకే దీని పని. 17వ ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్ కింది నుంచి ఫ్రెట్ తల దాకా కొలుస్తారు, 9.5 నుంచి 12 రేడియస్‌కి ఫెండర్ లెక్క ఇ వైపు 6/64 అంగుళం, సన్న జి వైపు 5/64, అంటే 2.4, 2 మిల్లీమీటర్లు. చెన్నైలో దించిన శాడిల్స్ నేను మళ్ళీ పైకి తెచ్చి ఇ 2.4లో, జి 2లో పెట్టుకున్నాను. యాక్షన్ (స్ట్రింగ్ ఎత్తు) తగ్గాలని రాడ్ తిప్పేవాళ్ళు, నెక్ వంకర పోవాలని శాడిల్ దించేవాళ్ళు ఇద్దరినీ చూసినాను, రెండూ వేరు వేరు పనులు. శాడిల్ స్క్రూలకి నాకు కావాల్సింది 1.5 కీ, ఈ కిట్‌లో 2 నుంచి మొదలవుతాయి, బేస్‌కి గిటార్‌కి అని రాసి అమ్మే కిట్‌లో అది లేకపోవడం పెద్ద లోటు. స్కేలు మీద అంకెలు చెక్కలేదు, అచ్చు వేసినారు, చేతి చెమటకి మూడు నెలల్లో 5/64 దగ్గర చెరిగిపోయింది, నేను ఇప్పుడు గీతలు లెక్కపెట్టుకుంటా ఉండా. ఇంటొనేషన్‌కి, అంటే నెక్ పొడుగునా స్వరం శ్రుతిలో పలికేట్టు చూసుకోవడానికి, ఈ కిట్ అవసరమే లేదు, ట్యూనర్ ఉంటే చాలు, పన్నెండో ఫ్రెట్ నొక్కితే హార్మోనిక్ (అదే చోట తీగని నొక్కకుండా తాకి మోగిస్తే వచ్చే స్వరం) కంటే షార్ప్ (ఎక్కువ శ్రుతి) వస్తే శాడిల్ వెనక్కి, ఫ్లాట్ (తక్కువ శ్రుతి) వస్తే ముందుకి.

రేడియస్ గేజ్‌లు తొమ్మిదిలో నాకు పనికొచ్చింది 9.5 ఒక్కటే. బాగానే ఉంది, అంచులు నున్నగా ఉన్నాయి. ఏ, డి స్ట్రింగ్స్ ఎత్తు ఫింగర్‌బోర్డ్ వంపుకి సరిపోయేట్టు పెట్టుకోవడానికి వాడినాను.

కొనాలా అంటే, మొత్తం కిట్ 749కి నేనైతే మళ్ళీ కొనను. ఫీలర్ గేజ్ ఆటోమొబైల్ షాపులో, అంకెలు చెక్కిన ఆరంగుళాల స్టీల్ స్కేలు హార్డ్‌వేర్ షాపులో, అలెన్ కీలు మంచి కంపెనీవి, కాపో ఒకటి, ఇట్లా విడిగా కొనుక్కుంటే దాదాపు అంతే అవుతుంది గానీ జీవితాంతం ఉంటాయి. అలెన్ కీ కొనేముందు మీ బేస్‌కి మిల్లీమీటర్ల కీనా అంగుళాల కీనా కనుక్కోండి, అమెరికాలో చేసిన ఫెండర్ బేస్‌లకి 3/16 అంగుళం కీ పడుతుంది చాలావరకు, దాంట్లో 5 మిల్లీమీటర్లది దూరదు, అదే 3/16 కీని 5 మిల్లీమీటర్ల మరలో పెడితే పట్టినట్టే ఉంటుంది, జారుతుంది. ఇప్పటికే ఈ కిట్ కొనేసినవాళ్ళు గేజ్ వాడుకోండి, 5 నంబర్ కీని మాత్రం రాడ్‌లో పెట్టకండి. నేను మూడు స్టార్లు ఇచ్చినాను, ఆ మూడూ ఫీలర్ గేజ్‌కే.

బేస్ కేస్ లోపల ఒక పాత పెళ్ళిపత్రిక వెనక తేదీ, ఏ బ్లేడ్ పోయింది, ఎంత తిప్పినాను అని రాసుకుంటా ఉండా, ఏడు నెలలకి పదకొండు వరుసలయినాయి. నిన్న రాత్రి ప్రాక్టీస్ నుంచి వచ్చినాక కొలిస్తే 0.35 పోయింది, 0.40 స్ట్రింగ్‌ని లేపింది. ఏమీ తిప్పలేదు, రాసుకొని పడుకున్నాను.